ధర చీటీలో దాగిన డాలర్

2013 ఆగస్టు చివరి వారం. మా మేనకోడలికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. కంప్యూటర్ కొనిద్దామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అందరూ సీటీసీ అని పిలిచే భవనం అది. దుకాణాయన ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, హార్డ్‌డిస్కు ఒక్కొక్కటే కాగితం మీద రాసి, కూడి, అడుగున గీత గీసి, "ఈ రేటు ఇయ్యాల సాయంత్రం దాకనే సార్" అన్నాడు. మే మొదట్లో 54 రూపాయల దగ్గరున్న డాలర్ ఆ వారంలో 68 దాటింది. నాకు ఒక అనుమానం వచ్చింది. అరల్లో ఉన్న పెట్టెలు జూన్‌లోనో జూలైలోనో దిగిన సరుకు, అంటే పాత డాలర్‌కు కొన్నవి. వాటికి కొత్త రేటు ఎందుకు? అడిగేశాను. "ఇది మీకిచ్చేస్తే రేపు దీని జాగల ఇంకోటి పెట్టాలె కద సార్. అది ఏ రేటుకొస్తదో నాకే తెల్వదు" అన్నాడాయన.

అప్పటి నుంచి ఏ దేశంలో కంప్యూటర్ ధర కనబడినా అందులో డాలర్‌ను ఎంతకు లెక్కకట్టారో చూడడం నాకు అలవాటైంది. పత్రికలో అచ్చయ్యే మారకపు రేటు ఒకటి, ధర చీటీలో ఇమిడి ఉండే రేటు మరొకటి. ఈ రెండింటి మధ్య తేడాను కంపెనీ భరిస్తుందా, డిస్ట్రిబ్యూటరా, దుకాణదారుడా, సర్కారా, కొనేవాడా? ఒక్కో దేశంలో ఒక్కో సమాధానం దొరుకుతుంది. అన్నిచోట్లా కనబడేది మాత్రం ఒకటుంది: మార్కెట్‌లో బలం లేనివాడి మీదికే ఆ తేడా జారుతుంది.

కంప్యూటర్ తయారయ్యేది ఎక్కువగా చైనాలో. చిప్పులు తైవాన్, కొరియాల నుంచి వస్తాయి. మరి మధ్యలో డాలర్ ఎందుకు? బిల్లు రాసేది ఆ నాణెంలో కనుక. మెమరీ చిప్పుల బేరం డాలర్లలోనే సాగుతుంది. ఇంటెల్, ఏఎండీల ధరల పట్టికలు డాలర్లలోనే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లను తయారుచేసి ఇచ్చే క్వాంటా, కంపాల్ వంటి తైవాన్ సంస్థలు డాలర్లలోనే బిల్లు వేస్తాయి. ఈ సంగతిని అర్థశాస్త్రంలో గట్టిగా నిలబెట్టినవారిలో గీతా గోపీనాథ్ ఒకరు. ఆమె 2015లో చూపిన లెక్క ప్రకారం భారత్ దిగుమతుల్లో అమెరికా నుంచి వచ్చేవి 5 శాతమే, డాలర్లలో ధర కట్టినవి మాత్రం 86 శాతం. కాబట్టి యువాన్‌తో రూపాయి ఎలా ఉందన్నది మన ల్యాప్‌టాప్ ధరను పెద్దగా కదిలించదు. చైనాలో తయారైన సరుకును చైనా నుంచే కొంటున్నా మనం చూడాల్సింది డాలర్ వైపే.

ఇందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ రాస్‌బెర్రీ పై. కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఈ చిన్న కంప్యూటర్ కొన్నాళ్లకే వేల్స్‌లోని పెన్‌కోయిడ్ ఫ్యాక్టరీలో తయారవడం మొదలైంది. రూపకల్పన బ్రిటన్‌ది, తయారీ బ్రిటన్‌ది. అయినా 2012లో దానికి పెట్టిన ధర 35 డాలర్లు. పౌండ్ కిందికి జారితే ఆ కంప్యూటర్ తయారైన దేశంలోనే దాని ధర పెరుగుతుంది. స్వదేశంలో బిగించినంత మాత్రాన మారకపు రేటు నుంచి తప్పించుకోలేమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2023 మేలో మన కేంద్ర ప్రభుత్వం ఐటీ హార్డ్‌వేర్ తయారీకి 17,000 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకం ప్రకటించినప్పుడు ల్యాప్‌టాప్‌లు చవకవుతాయని చాలామంది ఆశపడ్డారు. ఉద్యోగాలకు, నైపుణ్యానికి ఆ పథకం మంచిదే. కానీ ప్రాసెసర్, మెమరీ, తెర బయటి నుంచే వస్తున్నంతకాలం బిగింపు కూలి మాత్రమే రూపాయల్లోకి మారుతుంది.

ధర చీటీలో దాగిన రేటును బయటికి లాగడానికి ప్రపంచమంతటా ఒకే రోజు విడుదలయ్యే యంత్రం కావాలి. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ అందుకు పనికొస్తుంది. 2020 నవంబరులో ఎం1 చిప్పుతో వచ్చిన ఎయిర్ ప్రారంభ ధర అమెరికాలో 999 డాలర్లు. 2025 మార్చిలో ఎం4 చిప్పుతో వచ్చిన దాని ప్రారంభ ధర కూడా 999 డాలర్లే. యంత్రం ఎంతో మెరుగైంది, అంకె మాత్రం కదల్లేదు. కాబట్టి మిగతా దేశాల్లో కదిలినదంతా నాణేల పని, పన్నుల పని, కంపెనీ నిర్ణయం.

మన దగ్గర ఎం1 ధర 92,900 రూపాయలు. అందులో 18 శాతం జీఎస్టీ తీసేసి 999తో భాగిస్తే డాలర్‌కు 78 రూపాయల 80 పైసలు వస్తుంది. ఆ రోజుల్లో బజారు రేటు 74 రూపాయల చిల్లర. అంటే కంపెనీ నాలుగు రూపాయలకు పైగా ముందుజాగ్రత్త వేసుకుంది. ఎం4 వచ్చేసరికి ధర 99,900. అదే లెక్క కడితే డాలర్‌కు 84 రూపాయల 75 పైసలు. అప్పుడు బజారు రేటు 87. ఈసారి కంపెనీ తన లాభంలోంచి రెండు రూపాయలకు పైగా వదులుకుంది. నాలుగేళ్ల నాలుగు నెలల్లో రూపాయల్లో డాలర్ ధర దాదాపు 17 శాతం పెరిగితే, ఈ ల్యాప్‌టాప్ ధర పెరిగింది ఏడున్నర శాతమే.

జపాన్‌లో కథ వేరు. 2020లో పది శాతం వినియోగ పన్నుతో కలిపి ఎం1 ధర 1,15,280 యెన్లు. పన్ను తీసేస్తే డాలర్‌కు 105 యెన్లు, సరిగ్గా బజారు రేటే. 2022లో యెన్ జారడం మొదలైంది. జూన్‌లో పాత ఎం1 మోడల్ ధరనే 1,34,800కి పెంచారు. కొన్నవాళ్లు కొన్నారు, నెల ఆగినవాళ్లు దాదాపు ఇరవై వేల యెన్లు ఎక్కువ కట్టారు. యంత్రంలో కొత్తగా ఒక్క మరలేదు. అప్పటికీ కంపెనీ పూర్తి భారం వేయలేదు, ఆ ధరలో డాలర్ 123 యెన్లే, బజారులో 134. 2025లో ఎం4 ధర 1,64,800 యెన్లు. లెక్క కడితే డాలర్‌కు సరిగ్గా 150, బజారు రేటు కూడా అంతే. ఆ కాలంలో యెన్లలో డాలర్ ధర 43 శాతం పెరిగింది, ల్యాప్‌టాప్ ధరా 43 శాతమే పెరిగింది. అక్కడ జీతాలు మాత్రం ఆ మేరకు పెరగలేదు.

బ్రిటన్‌లో రెండుసార్లూ 999 పౌండ్లే. 20 శాతం వ్యాట్ తీసేస్తే ఆ ధర ప్రకారం పౌండ్‌కు వచ్చేది ఒక డాలర్ 20 సెంట్లు. బజారులో 2020లో పౌండ్‌కు ఒక డాలర్ 30 సెంట్లకు పైనే వచ్చేది, 2025 మార్చిలో 1.29 దాకా వచ్చేది. చూడ్డానికి ధర నాలుగేళ్లకు పైగా నిలకడగా ఉంది, ఆ నిలకడకు బ్రిటిష్ కొనుగోలుదారు లోపల్లోపల ఏడెనిమిది శాతం రుసుము కడుతూనే ఉన్నాడు.

ఒకే కంపెనీ, ఒకే యంత్రం, మూడు దేశాల్లో మూడు తీర్పులు. ఎందుకిలా అన్నదానికి ఆర్థికవేత్త పాల్ క్రుగ్‌మన్ 1980ల్లోనే సమాధానం చెప్పారు. మారకపు రేటు మారినంత మాత్రాన ఎగుమతిదారు ధర మార్చడు, ఆ మార్కెట్‌లో తన వాటా, పోటీ, భవిష్యత్తు చూసుకుని ఎంత మార్చాలో నిర్ణయించుకుంటాడని ఆయన వివరించారు. మన దేశంలో ఆపిల్‌కు ఇంకా పెరగాల్సిన మార్కెట్ ఉంది, లక్ష దాటితే వెనక్కి తగ్గే కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. 99,900 అన్న అంకె ఆ గీతను చూసి పెట్టినదేనని నా నమ్మకం. జపాన్‌లో ఆ బ్రాండ్‌ను వదలని కొనుగోలుదారులు ఎక్కువ, వాళ్ల మీద భారం మొత్తం వేసినా నిలబడింది. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. మన మీద చూపిన ఈ దయ నలభై, యాభై వేల ల్యాప్‌టాప్‌ల దగ్గర కనబడదు. అక్కడ కంపెనీ లాభం చాలా తక్కువ, వదులుకోవడానికి ఏమీ ఉండదు. రూపాయి జారితే పెద్ద ధర యంత్రం ఆగుతుంది, చిన్న ధర యంత్రం పెరుగుతుంది. మధ్యతరగతి విద్యార్థి కొనేది రెండోదే.

నాణెం పడినప్పుడు ధర ఎంత వేగంగా పెరుగుతుందో చూడాలంటే 2016 బ్రిటన్ చాలు. జూన్ 23న యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడానికి ఓటేసిన మర్నాటికే పౌండ్ 1.50 డాలర్ల నుంచి 1.32 దాకా పడింది. కొద్ది వారాల్లోనే డెల్ దాదాపు 10 శాతం పెంచింది. మైక్రోసాఫ్ట్ 2017 జనవరి 1 నుంచి సంస్థలకిచ్చే క్లౌడ్ సేవలకు పౌండ్లలో 22 శాతం పెంచుతున్నట్లు చెప్పింది. ఆపిల్ 2016 అక్టోబరులో మ్యాక్ ప్రో ధరను 2,499 పౌండ్ల నుంచి 2,999కి తీసుకెళ్లింది. ఆ యంత్రం 2013 నాటిది, మూడేళ్లుగా మార్పు లేనిది.

రష్యాలో అయితే ధర పెంచడానికి కూడా వ్యవధి దొరకలేదు. 2014 మొదట్లో డాలర్‌కు 33 రూబుళ్లు, డిసెంబరు 16న 80 దాకా వెళ్లింది. అంతకుముందు అర్ధరాత్రే కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 10.5 నుంచి 17 శాతానికి పెంచింది, ఫలితం లేదు. ఆపిల్ తన ఆన్‌లైన్ దుకాణాన్నే మూసేసింది. వారంలోపు తెరిచినప్పుడు ఐఫోన్ 6 ధర 53,990 రూబుళ్లు. సెప్టెంబరులో అది 31,990. జనం చేతిలో కరుగుతున్న రూబుళ్లను వస్తువుగా మార్చుకోవాలని టీవీలు, ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. వాళ్లకు ల్యాప్‌టాప్ అంటే పనిముట్టుగా కాక పొదుపు పెట్టెగా కనబడిన రోజులవి. పక్కనున్న కజకిస్తాన్ నాణెం టెంగే అప్పటికింకా నిలకడగా ఉండడంతో అక్కడివాళ్లు సరిహద్దు దాటి వచ్చి రూబుళ్ల ధరకు సామాను కొనుక్కెళ్లారు. 2021 నవంబరులో టర్కీ లీరా ఒక్క రోజులో 15 శాతం దాకా పడినప్పుడూ ఇదే జరిగింది: అమ్మకాలు ఆపడం, రెండు మూడు రోజులకు పాతిక శాతం ఎక్కువ ధరతో తెరవడం.

మరి నాణెం బలపడితే? ఇక్కడే నాకు కోపమొస్తుంది. 2011 జూలైలో ఆస్ట్రేలియా డాలర్ అమెరికా డాలర్‌ను మించి ఒక డాలర్ 10 సెంట్ల దాకా ఎగసింది. కానీ సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ ధరలు దిగలేదు. వినియోగదారుల సంస్థ చాయిస్ లెక్కల్లో ఆస్ట్రేలియన్లు అమెరికన్ల కంటే సుమారు 50 శాతం ఎక్కువ కడుతున్నట్లు తేలింది. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ల సాఫ్ట్‌వేర్ ఒకటి ఎంత ప్రియమంటే, మనిషిని విమానంలో అమెరికా పంపి కొనుక్కురమ్మన్నా డబ్బు మిగులుతుందని వాళ్లు చూపించారు. పార్లమెంటు సంఘం ఆపిల్, మైక్రోసాఫ్ట్, అడోబీ ప్రతినిధులను 2013 మార్చిలో పిలిపించి ప్రశ్నించింది, జూలైలో నివేదిక ఇచ్చింది. డౌన్‌లోడ్ చేసుకునే సాఫ్ట్‌వేర్‌కు ఓడ ఖర్చు లేదు, గోదాము అద్దె లేదు. అయినా ధర ఎక్కువ. దానికి సభ్యులకు తృప్తినిచ్చే జవాబు రాలేదు. డాలర్ ఎక్కినప్పుడు మెట్లెక్కే ధర, దిగినప్పుడు అక్కడే కూర్చుంటుంది. మా మేనకోడలి సిస్టమ్ విషయంలోనూ అంతే. అక్టోబరుకు డాలర్ 61, 62 దగ్గరికి దిగింది. అదే దుకాణంలో అదే కూర్పు ధర మళ్లీ అడిగితే దాదాపు పాత లెక్కే చెప్పారు.

అయితే ఆ దుకాణాయన్ను తప్పుపట్టలేను. 2013 సెప్టెంబరు 4న చైనాలోని వూషీలో ఎస్‌కే హైనిక్స్ మెమరీ ఫ్యాక్టరీ అంటుకుంది, ప్రపంచమంతటా ర్యామ్ ధర డాలర్లలోనే పెరిగింది. రూపాయి తేరుకున్నా దాని ఫలితాన్ని ఆ మంట తినేసింది. 2011 చివర్లోనూ ఇలాగే. థాయ్‌లాండ్ వరదల్లో హార్డ్‌డిస్కు ఫ్యాక్టరీలు మునిగి వాటి ధరలు రెట్టింపైన నెలల్లోనే రూపాయి 44 నుంచి 54కి జారింది. 2025 డిసెంబరు 3న మొదటిసారి డాలర్ 90 రూపాయలు దాటింది. సరిగ్గా అదే తేదీన మైక్రాన్, తన క్రూషియల్ బ్రాండ్‌తో వినియోగదారులకు మెమరీ అమ్మడం మానేస్తున్నట్లు ప్రకటించింది. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీని పీల్చేయడంతో చిల్లర బజారుకు సరుకు కరువైంది. ఈ రెండు దెబ్బల్లో ఏది ఎంత అని కౌంటర్ దగ్గర నిలబడి విడదీయలేం. అందుకే ప్రతి పెరుగుదలనూ రూపాయి ఖాతాలో రాసే వార్తలను నేను నమ్మను.

దీనికి ఎదురు చిత్రం కూడా ఉంది. 1993లో 31 దగ్గరున్న డాలర్ 2002 నాటికి 48 దాటింది. అయినా ఆ దశాబ్దంలోనే మన ఊళ్లలో కంప్యూటర్ చవకైంది, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు వరసలు వరసలుగా సిస్టమ్‌లు పెట్టాయి. చిప్పుల ధర డాలర్లలో అంతకంటే వేగంగా పడుతూ రూపాయి బలహీనతను కప్పేసింది. 1996 డిసెంబరులో సింగపూర్‌లో కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో 1997లో మన దేశం చేరింది, కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం మెట్టు మెట్టుగా దిగి 2005కల్లా సున్నా అయింది. ఈ రెండు గొడుగులు లేకపోతే ఆ తరానికి కంప్యూటర్ అందేది కాదు. ఇప్పుడు సుంకంలో తగ్గించడానికి మిగిలిందేమీ లేదు, చిప్పుల ధర పడే వేగమూ తగ్గింది. కనుక రూపాయి జారుడు నేరుగా తగులుతోంది.

సుంకాల గోడ కట్టుకున్న దేశాల్లో మారకపు రేటు ఆ గోడ మీద నిలబడి ఇంకా ఎత్తుగా కనబడుతుంది. 2007 జనవరిలో ఆస్ట్రేలియాలోని కామన్వెల్త్ బ్యాంకు విభాగం ఒకటి, ఐపాడ్ నానో ధరను 26 దేశాల్లో పోల్చింది. కెనడాలో 144 డాలర్లు, బ్రెజిల్‌లో 327. రెండో స్థానం మనదే, 222. బ్రెజిల్ 1984లో చట్టం చేసి కంప్యూటర్ మార్కెట్‌ను స్వదేశీ సంస్థలకే కేటాయించింది, 1992 దాకా నడిపింది. ఆ తర్వాతా పన్నులు బరువుగానే ఉన్నాయి. 2013లో ప్లేస్టేషన్ 4 అమెరికాలో 399 డాలర్లు, బ్రెజిల్‌లో 3,999 రియాళ్లు, అంటే దాదాపు 1,850 డాలర్లు. అర్జెంటీనా కంప్యూటర్ల మీద 35 శాతం సుంకం వేసి 2017లో ఎత్తేసింది. అప్పటిదాకా, ఆ తర్వాతా, పెసో అధికార రేటు అనుకూలంగా ఉన్నప్పుడల్లా అక్కడి కుటుంబాలు ఆండీస్ పర్వతాలు దాటి చిలీ రాజధాని శాంటియాగోలో ల్యాప్‌టాప్‌లు కొనుక్కునేవి.

మారకపు రేటు కాగితం మీద ఉండి డాలర్ మాత్రం దొరకని స్థితి వీటన్నిటికంటే కష్టం. 2022 మార్చిలో శ్రీలంక తన రూపాయిని మార్కెట్‌కు వదిలేసేవరకు డాలర్ 203, మే నాటికి 360. పడకముందు ఆ 203 రేటుకు బ్యాంకులో డాలర్ పుడితేగా! దిగుమతిదారుకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవలేని దేశంలో ధర ఎంతన్న ప్రశ్నే రాదు. నైజీరియాలోనూ ఏళ్ల తరబడి అధికార రేటు ఒకటి, వీధి రేటు ఒకటి. లాగోస్‌లోని ఇకేజా కంప్యూటర్ విలేజ్ వ్యాపారులు వీధి రేటుకే సరుకు తెచ్చి ఆ రేటుకే అమ్మేవారు. 2023 జూన్‌లో ప్రభుత్వం నైరాను వదిలేసినప్పుడు డాలర్ 470 నుంచి కొద్ది వారాల్లోనే 750 దాటింది, 2024 ఫిబ్రవరికి 1,500 మించింది. మనమూ ఆ దారిలో నడిచినవాళ్లమే. హైదరాబాద్ ఈసీఐఎల్ టీడీసీ-12 కంప్యూటర్లు తయారుచేసిన కాలంలో విదేశీ కంప్యూటర్ కావాలంటే డబ్బు కంటే ముందు విదేశీ మారకానికి అనుమతి కావాలి. 1991 జూలై 1న, 3న రెండు అంచెల్లో రూపాయి విలువ తగ్గించి డాలర్‌ను 21 నుంచి 26 దగ్గరికి తెచ్చినప్పుడు దిగుమతి సరుకు ప్రియమైంది, కానీ తర్వాతి సంవత్సరాల్లో అడిగితే దొరికే వస్తువైంది. దొరకని చవక కంటే దొరికే ప్రియమే మేలని ఆ రోజుల్లో కంప్యూటర్‌తో పనిచేసినవాళ్లంతా ఒప్పుకుంటారు.

కంప్యూటర్‌లోకి వెళ్లే సరుకు కూడా ఇప్పుడు డాలర్ వైపు జరుగుతోంది. ఆటలు అమ్మే స్టీమ్ 2023 నవంబరులో టర్కీ, అర్జెంటీనాల్లో లీరా, పెసో ధరలు ఎత్తేసి డాలర్ ధరలు పెట్టింది. నాణెం రోజురోజుకూ కరుగుతుంటే ధర మార్చుకుంటూ పోలేమన్నది వాళ్ల వాదన. పెట్టెలో వచ్చే కంప్యూటర్‌కు కనీసం స్టాకు ఉన్నన్నాళ్లు పాత ధర దొరికే అవకాశం ఉండేది. ఆన్‌లైన్‌లో కొనే ఆటకు, నెలవారీ చందాకు అరల్లో నిలవ సరుకు ఉండదు.

మన ఊళ్లో ఈ మారకపు రేటుకు రెండు ముఖాలున్నాయి. డాలర్ 87 నుంచి 90కి వెళ్తే మాదాపూర్‌లో డాలర్లలో బిల్లు వేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి రూపాయల్లో రాబడి పెరుగుతుంది. డాలస్ నుంచి ఇంటికి డబ్బు పంపే కొడుకు అదే 500 డాలర్లతో 1,500 రూపాయలు ఎక్కువ అందించగలడు. సెలవుల్లో వస్తూ ఒక ల్యాప్‌టాప్ కూడా తేగలడు, 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడికి ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అమెరికాలో మనవాళ్లున్న ఇళ్లు ఇలా ధర చీటీని పక్కకు నెట్టేస్తాయి. ఆ చీటీ మీదున్న రేటును అణా పైసలతో కట్టేది నంద్యాలలోనో నిర్మల్‌లోనో రూపాయి జీతంతో పిల్లను ఇంజనీరింగ్‌లో చేర్చిన తండ్రి.

ఆయన కట్టేదాంట్లో సర్కారు వాటా కూడా డాలర్‌తో పాటే పెరుగుతుందని చాలామంది గమనించరు. జీఎస్టీ శాతంలో ఉంటుంది కాబట్టి, వెయ్యి డాలర్ల యంత్రానికి డాలర్ 75 ఉన్నప్పుడు 13,500 రూపాయల పన్ను పడితే, 90 ఉన్నప్పుడు 16,200 పడుతుంది. రూపాయి బలహీనపడినందుకు ఖజానాకు వచ్చిన అదనపు 2,700 అది. కాలేజీలో చేరిన విద్యార్థి కొనే మొదటి ల్యాప్‌టాప్ మీద కనీసం ఈ అదనాన్నయినా వదులుకోవచ్చు. అడ్మిషన్ల సీజన్‌కు ముందే పంపిణీదారులు ఫార్వర్డ్ ఒప్పందాలతో డాలర్ రేటు బిగించుకుంటే, జూలై, ఆగస్టు నెలల్లో ధర రోజుకొకసారి మారాల్సిన అవసరమూ ఉండదు. పెద్ద డిస్ట్రిబ్యూటర్లు ఆ పని చేస్తూనే ఉన్నారు, ఆ నిలకడ కౌంటర్ దాకా దిగడం లేదు. మొన్న జూన్‌లో మా పక్కింటి అబ్బాయి కోసం మళ్లీ సీటీసీ మెట్లెక్కాను. కాగితం బదులు వాట్సాప్‌లో కొటేషన్ పంపారు. అడుగున ఒక వాక్యం మాత్రం పాతదే: ఈ రేటు ఈ రోజుకే.